జీవజాతుల వర్గీకరణ గణితము – తెలుగు పలుకుబడుల పరిశీలనము

బెంగుళూరు నగరమునకు ఆగ్నేయ దిశను, హోసూరు రహదారిపై, సిల్కుబోర్డు కూడలికిని ఎలక్ట్రానిక్ సిటీకిని నడుమ బొమ్మనహళ్ళి యున్నది. ఒకప్పుడిది పల్లె, పిదప ప్రత్యేక పురపాలక సంఘమై, 2007లో మహానగర పాలికలో కలిసినది. 2025 ఆగస్టులో ప్రారంభమైన పసుపుపచ్చ మెట్రో మార్గములో దీనికొక స్టేషను కూడ ఏర్పడినది. దుస్తులు కుట్టు కర్మాగారములకును, కట్టడపు పనులకును, కంప్యూటరు కొలువులకును వచ్చి యిచట స్థిరపడిన తెలుగువారు ఒక్క సీమవారు కారు. అనంతపురము, చిత్తూరు, కడప జిల్లాలవారు కలరు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములవారు కలరు. కోలారు తెలుగువారు కలరు. కోస్తానుండియు, తెలంగాణమునుండియు వచ్చినవారును కలరు. వీరందరికంటె ముందు, తరతరములుగా బెంగుళూరునే తమ యూరుగా నెరిగిన తెలుగు కుటుంబములును కలవు.

ఈ కుటుంబముల పిల్లలు ఒక తరగతిలో కూర్చున్నప్పుడు ఒక్క దినుసునకే మూడు నాలుగు పేర్లు వినబడుటలో వింత లేదు. కోస్తా బిడ్డ ‘ఉల్లిపాయ’ యనును; తెలంగాణపు బిడ్డ ‘ఉల్లిగడ్డ’ యనును; రాయలసీమ బిడ్డ ‘ఎర్రగడ్డ’ యనును; వీధిలో కన్నడిగుల నోట ‘ఈరుళ్ళి’ వినబడును. పెద్దలు దీనిపై తీర్పు చెప్పుటకు వెనుదీయరు. ఇచటి పిల్లల తెలుగు కన్నడముతో కలిసి చెడిపోయినదను మాట పెండ్లి పందిళ్ళలోను, సంఘ సభలలోను తఱచు వినబడునదే. ఆ మాట పడిన పిల్లవాడు మరునాటినుండి తెలుగులో నోరు మెదుపుటకు జంకును. కావున ఆ తీర్పు నిజమా, కాదా యని విచారించుట అనవసరము కాదు. విచారించినచో అందు రెండు శాస్త్ర ప్రశ్నలు ఇమిడి యుండుట కనబడును. ఏ పలుకుబడి దేనికి దగ్గర? ఆ దగ్గరితనమునకు కారణము పుట్టుకయా, పొరుగా?

సరిగా ఈ రెండు ప్రశ్నలనే జీవశాస్త్రజ్ఞులు పూవులను గూర్చియు, పంటలను గూర్చియు, సూక్ష్మజీవులను గూర్చియు అడుగుచు, సమాధానమునకు గణిత సాధనములను దాదాపు నూరేండ్లుగా రూపొందించుకొనుచు వచ్చిరి. తమ కొలతలను పదిమందితో పంచుకొను పద్ధతిని కూడ ఏర్పరచుకొనిరి. ఆ సాధనములును, ఆ పద్ధతియు భాషలకు ఎట్లు సంక్రమించినవి, బొమ్మనహళ్ళి వంటి చోట వానిని వాడవలెనన్న ఏ జాగ్రత్తలు కావలెను అనునదే యీ వ్యాసమునందలి విషయము.

ముందుగా ఒక పూవుల పట్టికను గూర్చి చెప్పవలెను. 1936లో ఇంగ్లండు దేశపు రోనాల్డ్ ఫిషర్ ఒక వ్యాసము ప్రకటించెను. ఎడ్గర్ ఆండర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు సేకరించిన 150 ఐరిస్ పూవుల కొలతలు అందు వరుసగా అచ్చువేయబడినవి. జాతులు మూడు, జాతికి 50 పూవులు, ఒక్కొక్క పూవునకు నాలుగు కొలతలు – రక్షకపత్రముల పొడవు, వెడల్పు, ఆకర్షణపత్రముల పొడవు, వెడల్పు. అంతియే. వ్యాసములోని గణితము నిపుణులకు పరిమితము కాగా పట్టిక మాత్రము లోకమంతయు తిరిగినది. గుంపులు కట్టు క్రొత్త పద్ధతి నెవరు కనిపెట్టినను, వారు వైద్యులైనను, బ్యాంకు లెక్కలవారైనను, ముందుగా ఆ పూవులపై దానిని పరీక్షించి చూచుట ఆచారమైనది. ఎల్లరకు అందుబాటులో నుండుటయే దాని బలము.

ఆ పట్టికలో జాతుల పేర్లను కప్పిపెట్టి, కొలతలను మాత్రము యంత్రమున కిచ్చి, గుంపులు కట్టుమన్నచో సెటోసా యను జాతి స్పష్టముగా విడిపోవును. తక్కిన రెండు, వర్సికలర్, వర్జినికా యనునవి, అంచులవద్ద కలిసిపోవును. పెక్కు పద్ధతులు ఇచట ఉన్న గుంపులు రెండే యని చెప్పును. జాతులు మూడని యెరిగినది వృక్షశాస్త్రజ్ఞుడే గాని లెక్క కాదు. లెక్క దూరమును చెప్పును. ఆ దూరమునకు అర్థము వేరొకరు చెప్పవలెను.

దూరమును కొలుచుటలో నొక చిక్కు కలదు. దానిని విప్పినవారు మన దేశమువారే. భారత జంతుశాస్త్ర సర్వేకు అధిపతియైన నెల్సన్ ఆనండేల్ కలకత్తాలోని ఆంగ్లో–ఇండియనుల శరీర కొలతలను ప్రశాంతచంద్ర మహలనోబిస్ చేతికిచ్చి పరిశీలింపుమని కోరెను. ఆ పనిలో మొలకెత్తిన ఆలోచన 1936 నాటికి ‘మహలనోబిస్ దూరము’గా, శాస్త్రజ్ఞుల వాడుకలో ‘డి–స్క్వేర్’గా స్థిరపడినది. పొడవైన మనిషికి చేతులును పొడవుగనే యుండును. కావున ఎత్తును, చేతి పొడవును రెండు వేర్వేరు సాక్ష్యములుగా లెక్కించుట ఒక్క సాక్షి మాటను రెండుమార్లు వ్రాసికొనుట వంటిది. మహలనోబిస్ దూరము ఆ పునరుక్తిని తీసివేసి కొలుచును.

ఈ జాగ్రత్త భాషలకు ఎంత అవసరమో సులభముగా గ్రహింపవచ్చును. తెలుగున పాలు, పులి, పండు. కన్నడమున హాలు, హులి, హణ్ణు. పైకి మూడు మాటలలోను తేడా కలదు. కాని జరిగిన మార్పు ఒక్కటే – కన్నడమున మాట మొదటి పకారము హకారమైనది. దీనిని మూడు తేడాలుగా లెక్కించువాడు పొడవైన మనిషిని మూడుచోట్ల కొలిచి ముగ్గురు మనుష్యులను చూచితిననువానితో సమానుడు.

మహలనోబిస్ పద్ధతిని ముందునకు నడిపిన కల్యంపూడి రాధాకృష్ణ రావు తెలుగువాడగుట మనకు సంతోషకరము. ఆయన 1920లో హడగలిలో జన్మించెను. నాడది మదరాసు రాజధానిలోని బళ్ళారి జిల్లా, నేడు కర్ణాటకము. కర్ణాటకములోని తెలుగువారు తమవాడని చెప్పుకొనుటకు ఇంతకంటె మంచి పేరు లేదు. విశాఖపట్నమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, 1941లో కలకత్తా చేరి, మహలనోబిస్ స్థాపించిన సాంఖ్యక సంస్థలో శిక్షణ పొందెను. 1946లో ఆయనను కేంబ్రిడ్జికి పిలిపించిన పని వినుటకు వింతగా నుండును: సూడాను దేశమున జెబెల్ మోయా యనుచోట త్రవ్వకములలో బయల్పడిన ప్రాచీనుల ఎముకలను కొలిచి, వారు ఏ జనులకు చేరువయో తేల్చుట. జీవశాస్త్రపు కొలబద్ద అప్పుడే పురావస్తు శాస్త్రమునకు చేరినదన్నమాట. జీవశాస్త్ర వర్గీకరణమునకు బహుకొలతల వినియోగమును గూర్చి 1948లో ఆయన వ్యాసము వెలువడినది. 1952లో ప్రకటించిన గ్రంథమునందు గుంపులు కట్టు విధానమొకటి వివరింపబడినది. దానిని టోచర్ పద్ధతి యందురు. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి నందుకొని, ఆ సంవత్సరమే ఆగస్టు నెలలో, 102 ఏండ్లు నిండిన వయస్సున ఆయన కీర్తిశేషుడయ్యెను.

ఆ కాలమున మనుష్యుల తలలను, ముక్కులను కొలిచి కులములకు హెచ్చుతగ్గులు కట్టజూచినవారు లేకపోలేదు. ఆ వాడుకకు ఈ గణితమున తావు లేదు. దూరమునకు అటునిటు కలవు గాని మీదు క్రిందులు లేవు. మాండలికములను గూర్చి మాటలాడునప్పుడును ఇది మరవరాదు.

టోచర్ పద్ధతి సామాన్యునకును తెలియునంత సుబోధము. అన్నిటికంటె దగ్గరగా నున్న రెంటిని ముందు ఒకచోట చేర్చవలెను. ఆ జంటకు సగటున అత్యంత సమీపమున నున్న మూడవదానిని తెచ్చి కలుపవలెను. ఇట్లు కలుపుచు పోగా ఒక చోట సగటు దూరము ఒక్కసారిగా పెరుగును. ఆ వచ్చినది ఈ గుంపుది కాదని గ్రహించి, దానిని వెలుపలనుంచి, మిగిలినవానితో రెండవ గుంపు మొదలిడవలెను. మన దేశపు వ్యవసాయ శాస్త్రజ్ఞులు వరి, వేరుశనగ, జొన్న మున్నగు పంటల రకములను ఈ పద్ధతితో పరిశీలించి వ్రాసిన పత్రములు కోకొల్లలు. వానిలో తఱచు కనబడు ఫలితమొకటి మనకు పనికివచ్చునది: ఒకే ప్రాంతమునుండి తెచ్చిన విత్తనములు వేర్వేరు గుంపులలో పడుటయు, దూరదూర ప్రాంతముల విత్తనములు ఒకే గుంపులో చేరుటయు కలదు. ఊరి పేరు చూచి గుంపు నిర్ణయింపరాదని దీని తాత్పర్యము.

ఇక భాషల వైపునకు వత్తము. తెలుగు మాండలికములను శాస్త్రీయముగా గుంపులు కట్టిన పని భద్రిరాజు కృష్ణమూర్తి గారిది. ఆయన సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశము మొదటి సంపుటము, వ్యవసాయ పదములది, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించినది. చేనేత పదముల సంపుటము 1971లో వెలువడినది. రైతుల నోటను, నేతగాండ్ర నోటను విని వ్రాసికొన్న మాటలను దేశపటములపై గుర్తించి, తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలములుగా నాలుగింటిగా విభజించిరి. యంత్ర సహాయము లేక, గీతలు గీసి, గీతలు ఎచట దట్టముగా గుమిగూడినవో చూచి చేసిన వర్గీకరణ మది. ఆ పరిశోధన ఆంధ్రప్రదేశమునకు సంబంధించినది. హోసూరు, కోలారు, బెంగుళూరు తెలుగులకు అందు స్థానము లేదు.

ఆ కృష్ణమూర్తిగారే 1983లో లింకన్ మోజెస్ అను స్టాన్‌ఫర్డు సాంఖ్యక శాస్త్రజ్ఞునితోను, డగ్లస్ డాన్‌ఫర్త్‌తోను కలిసి ‘లాంగ్వేజ్’ పత్రికలో మరియొక ముఖ్యమైన వ్యాసము ప్రకటించిరి. దానికి మూలము ఒక వర్ణవ్యత్యయము. తమిళమున ‘ఇరండు’, కన్నడమున ‘ఎరడు’, తెలుగున ‘రెండు’. తమిళమున ‘ఉరల్’, కన్నడమున ‘ఒరళు’, తెలుగున ‘రోలు’. తెలుగునందును, దాని దగ్గరి చుట్టములైన భాషలందును మాట మొదటి అచ్చును, తరువాతి హల్లును ఇట్లు చోటు మార్చుకొన్నవి. ఈ మార్పు అన్ని మాటలకు ఒక్క దినమున కలుగలేదు. ఒక్కొక్క మాటకే ప్రాకుచు వచ్చినది. ఒక భాషలో మారిన మాట వేరొక భాషలో మారక మిగిలియుండవచ్చును. ఆ మారక మిగిలిన మాటలే చుట్టరికమునకు ఆధారమని ఆయన యూహ.

గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ యను ఆరు భాషలను, 63 మాటలను తీసికొనిరి. ఆరు భాషలకు వంశవృక్షములు ఎన్ని విధముల గీయవచ్చును? రెండు భాషలకు ఒక్కటే వృక్షము. మూడవదానిని దానికి మూడు చోట్ల అతుకవచ్చును. నాలుగవదానిని అయిదు చోట్ల. అయిదవదానిని ఏడు చోట్ల. ఆరవదానిని తొమ్మిది చోట్ల. గుణించిన 945. ఆ 945 వృక్షములలో ఒక్కొక్కదానికి, 63 మాటలు అట్లు మారుటకు కనీసము ఎన్నిమార్లు మార్పు జరిగియుండవలెనో లెక్కించి, అతి తక్కువతో సరిపెట్టునది ఉత్తమమని ఎంచిరి. వచ్చిన ఫలితము ఆ భాషలను గూర్చి అంతకు ముందు సంప్రదాయ పద్ధతిలో పండితులు చెప్పిన వర్గీకరణముతో చక్కగా పొందుపడినది. తక్కువ మార్పులతో కథ చెప్పు వృక్షమునే ఎన్నుకొనుట జీవశాస్త్రజ్ఞులు జంతువులకును, మొక్కలకును వాడు నియమమే. తెలుగు పండితుడొకడు ఆ మార్గమున నడచిన కాలమునకు ప్రపంచమున భాషాశాస్త్రజ్ఞులలో ఆ దారి పట్టినవారు కొలదిమందియే.

ఆరు భాషలకు 945 అయిన, 20 భాషలకో? ఎనిమిది ప్రక్కన ఇరువది యొక్క సున్నలు పెట్టిన వచ్చునంత. అన్నిటిని లెక్కించుట ఏ యంత్రమునకును సాధ్యము కాదు. కావున మంచి వృక్షములున్న తావులను వెదకుచు తిరుగు సాధనములను జీవశాస్త్రజ్ఞులు నిర్మించిరి. వైరసుల వంశక్రమమును తేల్చుటకు వాడబడు ‘బీస్ట్’ అను కార్యక్రమము అట్టిది. 2018లో విష్ణుప్రియ కొలిపాకము, అన్నెమరీ వెర్కెర్క్ మున్నగువారు 20 ద్రావిడ భాషల మాటలను ఆయా భాషలవారి నోటనే సేకరించి, అట్టి సాధనముతో పరిశీలించి, రాయల్ సొసైటీవారి పత్రికలో ప్రకటించిరి. విష్ణుప్రియ డెహ్రాడూనులోని వన్యప్రాణి సంస్థకు చెందిన శాస్త్రజ్ఞురాలు. ద్రావిడ కుటుంబమునకు సుమారు 4,500 ఏండ్ల వయస్సు తేలినది. ఈ యంకెకు ఇరువైపుల వెయ్యేండ్లకు మించిన సందేహమునకు తావున్నది. ఉత్తర, మధ్య శాఖలును, దక్షిణమునందలి రెండు శాఖలును స్పష్టముగా కనబడినవి. కాని ఆ పెద్ద శాఖలలో ఏది దేనికి ముందు విడిపోయినది అనుటలో చాల అనిశ్చితి కలదని వారే వ్రాసిరి. పత్రికలు వయస్సును గూర్చి ప్రకటించినంత విరివిగా ఈ అనిశ్చితిని గూర్చి ప్రకటింపలేదు. వ్యాసమునందలి మేలిమి భాగము అదియే యని చెప్పవలెను.

ఆ అనిశ్చితిని కొలుచుట కూడ జీవశాస్త్రము నేర్పినదే. 1985లో జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ వంశవృక్షములకు అన్వయించిన ఉపాయమొకటి సులభమైనది. నూరు మాటలను నూరు చీట్లపై వ్రాసి కుండలో వేయుదుము. ఒక చీటి తీసి, చదివి, వ్రాసికొని, మరల కుండలోనే వేయుదుము. ఇట్లు నూరుమార్లు చేసిన కొన్ని మాటలు రెండుమార్లు వచ్చును, కొన్ని అసలే రావు. ఆ క్రొత్త పట్టికతో వృక్షము గీయుదుము. ఈ పని వేయిమార్లు చేసిన, వేయి వృక్షములలో ఒక కొమ్మ 950 మార్లు కనబడినచో దానిని నమ్మవచ్చును. 400 మార్లే కనబడినచో దానిపై బరువు మోపరాదు.

సాధనములు ఇట్లు సంక్రమించినవి. పంచుకొను అలవాటు మాత్రము ఆలస్యముగా వచ్చినది. జీవశాస్త్రమున 1982లో ‘జీన్‌బ్యాంకు’ ఏర్పడి, జన్యు పరిశోధకుడు తాను చదివిన వరుసను అందు నమోదు చేయుటయు, పత్రికలు ఆ నమోదు సంఖ్య నడుగుటయు క్రమముగా ఆచారమైనవి. మానవ జన్యుపటలమును చదువు బృందములు 1996లో బెర్ముడాలో సమావేశమై, చదివిన వరుసను ఇరువదినాలుగు గంటలలో బహిరంగము చేయవలెనని యొప్పుకొనిరి. బెంగుళూరునందే బయోఇన్ఫర్మాటిక్సు సంస్థవారు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయముతో కలిసి మానవ ప్రోటీనుల సమాచార నిధిని కూర్చి 2003లో ప్రకటించిరి. బొమ్మనహళ్ళినుండి హోసూరు రహదారి వెంట ముందునకు పోయినచో వచ్చు ఎలక్ట్రానిక్ సిటీలో ఈ విద్యను బోధించు సంస్థ మరియొకటి కలదు. పొరుగుననే యింత విద్య యుండగా తెలుగు మాటల పట్టిక యొకటి అటు చేరక పోవుట చింతింపదగినది.

భాషల వైపు బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లోను, మరల 1984లో పెంపు చేయబడియు వచ్చినది. 5,500కు పైగా పదములవరుస లందు కలవు. మారిస్ స్వాడెష్ 1950ల దశకమున మూల పదముల పట్టికలు కూర్చెను. కాని ఒకరు వ్రాసిన పట్టిక మరియొకరి యంత్రమునకు ఒదుగవలెనన్న గడులు, గుర్తులు, పేర్లు ఒక్క తీరున నుండవలెను. అట్టి యుమ్మడి నియమావళి భాషలకు 2018లో గాని యేర్పడలేదు. దాని ననుసరించి పెక్కు భాషల పదపట్టికలను ఒక్కచోట చేర్చిన ‘లెక్సిబ్యాంక్’ 2022లో ప్రకటితమైనది; జీన్‌బ్యాంకు పేరును తలపించు పేరు!

గడుల విషయమై ఇంత పట్టుదల యేల యను సందేహము కలుగవచ్చును. వంటయింటి మాటలు మూడు తీసికొని చూతము. కోస్తాలో బంగాళాదుంప, ఉల్లిపాయ, వెల్లుల్లి. తెలంగాణమున ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. రాయలసీమలో ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, తెల్లగడ్డ. కన్నడమున ఆలూగడ్డె, ఈరుళ్ళి, బెళ్ళుళ్ళి. ఇవి సమాసములు, పూర్వపదము, ఉత్తరపదము కలవు. ఉత్తరపదమును చూచి పోల్చుదమన్నచో తెలంగాణము, రాయలసీమ మూటికి మూడింట కలియును, అన్నిట ‘గడ్డ’యే గనుక. కోస్తా తెలుగు మిగిలిన రెండు తెలుగులతో ఒక్కదానను కలియదు. కలిసినది కన్నడముతోనే – వెల్లుల్లి, బెళ్ళుళ్ళి. పూర్వపదమును చూచి పోల్చుదమన్నచో కథ తలక్రిందులగును. ‘ఎల్లి’ వెల్లుల్లిలోని తొలిభాగమే యని గ్రహించినచో కోస్తా, తెలంగాణము రెండింట కలియును. తెలంగాణము, కన్నడము రెండింట కలియును. రాయలసీమ ఒంటరియై మిగులును. మాటలు అవియే. మారినది గడి మాత్రమే. యంత్రము ఈ రెండు లెక్కలలో దేనికిని అభ్యంతరము చెప్పదు.

మూడు మాటలతో తీర్పు చెప్పు వెర్రివారుండరు గాని, మూడు వందల మాటలతోనైనను నియమము ముందుగా వ్రాసి ప్రకటింపనిచో ఫలితము పరిశోధకుని యిష్టమునకు లొంగిపోవును. హైదరాబాదు చెంత పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల సంస్థవంటి చోట్ల విత్తనములను భద్రపరచువారు, ఏ లక్షణమును, మొక్క యే దశలో నుండగా, ఏ ప్రమాణముతో కొలువవలెనో ముందే పట్టికగా నిర్ణయించుకొందురు. పంచుకొనదగిన దత్తాంశమునకు మొదటి గుణము అది.

ఎరువు తెచ్చుకొన్న మాటల సంగతి ఇంకను చిక్కైనది. ‘ఆలుగడ్డ’, ‘ఆలూగడ్డె’ పోలియుండుటకు తెలంగాణ తెలుగు కన్నడమునుండి పుట్టుట కారణము కాదు, కన్నడము తెలుగునుండి పుట్టుటయు కాదు. ఇరువురును ‘ఆలూ’ను మూడవవారి యింటినుండి తెచ్చుకొనిరి. ‘ఉర్లగడ్డ’ అరవవారి ‘ఉరుళైక్కిళంగు’ను తలపించును. వెల్లుల్లి, బెళ్ళుళ్ళి సంగతి వేరు. తెలుగున వేరు, వెల, విత్తనము అనునవి కన్నడమున బేరు, బెలె, బిత్తనె. తెలుగు వకారమునకు కన్నడ బకారము తగినట్టులే వెల్లు–, బెళ్– ఒప్పియున్నవి. ఇది పుట్టుకవలన వచ్చిన పోలిక. ఎరువు మాట యిట్లు క్రమబద్ధముగా నుండదు.

సూక్ష్మజీవుల లోకమున ఈ చిక్కే కలదు. ఒక బాక్టీరియము మందునకు లొంగని జన్యువును తన సంతతికే గాక ప్రక్కనున్న వేరు జాతి బాక్టీరియమునకును అందింపగలదు. అట్టిచోట వంశవృక్షము చాలక, కొమ్మలు మరల కలిసికొను వల వంటి చిత్రములను గీయు సాధనములను కల్పించిరి. 1998లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఆంగ్లకవి చాసర్ కావ్యభాగమొకదాని 58 వ్రాతప్రతుల సంబంధమును అట్టి సాధనముతోనే పరిశీలించిరి. ఒక లేఖకుడు రెండు ప్రతులను ముందుంచుకొని వ్రాసినచో ఆ ప్రతికి తల్లులు ఇద్దరగుదురు గదా. కడపలో పండితుల నియమించి తాళపత్ర ప్రతులను సరిపోల్చించిన బ్రౌన్ దొరకు ఈ బాధ తెలియనిది కాదు.

బొమ్మనహళ్ళి తెలుగును గూర్చిన తీర్పునకు ఇప్పుడు రావచ్చును. పిల్లవాడు ‘అంగడికి పోయి వస్తా’ ననును. కోస్తానుండి వచ్చిన పెద్ద యొకడు అది కన్నడ మాట యని దిద్దబోవును, ‘కొట్టు’ అనవలెనందును. కన్నడమున ‘అంగడి’ కలదు, నిజమే. తమిళమున ‘అంగాడి’యు కలదు. ప్రాచీన తెలుగు కావ్యములందును ‘అంగడి’యే కలదు. అది ఎల్లరకు తాతలనాటి సొత్తు. రాయలసీమ నోట నిలిచినది, కోస్తా వాడుకలో వెనుకబడినది. తెలంగాణమున అదే మాట వారపు సంతను చెప్పుటయు కలదు. కావున ఆ బిడ్డ అన్న మాట కలగలుపునకు గుర్తు కాదు.

ఇచట జీవశాస్త్రమునకును, భాషాశాస్త్రమునకును ఉమ్మడియైన సూత్రమొకటి గమనింపదగినది. పాత సొత్తును ఇద్దరు నిలుపుకొన్నంత మాత్రమున వారిద్దరు ఒక ప్రత్యేక శాఖ కారు. క్రొత్తగా కలిగిన మార్పును ఇద్దరు పంచుకొన్నప్పుడే శాఖ. 1950లో విల్లీ హెన్నిగ్ కీటకములను పరిశోధించుచు దీనిని గ్రంథస్థము చేసెను. జర్మను భాషాశాస్త్రజ్ఞులు అంతకు డెబ్బది యేండ్లకు ముందే భాషల విషయమున దీనిని చెప్పియుండిరి. ఈ యొక్క విషయమున ఋణము అటునిటు గాక ఎవరికి వారే కనుగొనిరనుట న్యాయము. పదముల నుంచి మొత్తము పోలికను మాత్రమే లెక్కించు సాధనములు ఈ సూత్రమును పాటింపవు. అట్టి సాధనమున బెంగుళూరు తెలుగును వేసినచో ‘అంగడి’ వంటి పాత మాటలును, నిజముగా వీధినుండి తెచ్చుకొన్న కన్నడ మాటలును ఒక్క రాశియై, పిల్లల తెలుగు కన్నడముచెంత చేరినట్లు చిత్రము వచ్చును. దానిని చూపి, శాస్త్రమే తేల్చినదనువారు బయలుదేరుదురు.

అట్లు కాకుండుటకు పట్టికను కూర్చునప్పుడే చేయవలసిన పనులు కలవు. మాట ఎదుట దాని పుట్టువును గూర్చి ఒక గడి యుండవలెను: వంశానుగతము, ఎరువు, సందేహము అని మూడు గుర్తులు. మూడవ గుర్తును వాడుటకు సిగ్గుపడరాదు. తెలియని మాటకు ఊహించి నింపుటకంటె గడిని ఖాళీగా విడుచుట మేలు. ఖాళీ గడులను సహించు సాధనములు కలవు, తప్పు గడులను కనిపెట్టునది లేదు. చెప్పినవారి పేరు వ్రాయవలసిన పని లేదు. మానవ జన్యు సమాచారమును పంచుకొనువారు పాటించు మర్యాద యిచటను వర్తించును. పిల్లల మాటలైనచో తల్లిదండ్రుల సమ్మతి ముందు కావలెను. పేరునకు బదులు కావలసినవి: చెప్పినవారి వయస్సు, పుట్టిన తావు, తల్లి పుట్టినయూరు, ఇంట మాటలాడు భాషలు, బడిలో చదివిన భాష, విని వ్రాసికొన్న తేది. తల్లి యూరు ముఖ్యము. బొమ్మనహళ్ళిలో పుట్టిన బిడ్డకు ఉల్లిపాయ పేరు నేర్పినది తఱచు ఆ యూరే.

మాటలలో స్వాడెష్ పట్టికలోని నూరును మొదట నుండవలెను. కన్ను, చెవి, నీరు, నిప్పు, ఒకటి, రెండు వంటివి ఎరువునకు తేలికగా లొంగవు. ఇతర భాషల పట్టికలతో పోల్చుటకును అవియే పనికివచ్చును. వంటయింటి మాటలను, అంగడి మాటలను, కుట్టుపని మాటలను వేరొక భాగముగా నుంచవలెను. ఈ రెండు భాగములను విడివిడిగా లెక్కించి చూచినచో, మొదటి భాగమున ఒక బిడ్డ తెలుగు మదనపల్లె చెంత నిలిచి, రెండవ భాగమున హోసూరు రహదారి చెంత నిలుచుట తటస్థింపవచ్చును. పుట్టుక యేది, పొరుగు ఏది యని వేరుచేయుటకు ఆ రెండు చిత్రముల నడిమి తేడాయే ఆధారము.

ఆండర్సన్ పట్టికకు వరుసలు 150, నిలువు గడులు నాలుగు. బొమ్మనహళ్ళి పట్టికకు మొదటి భాగముననే నూరు నిలువు గడులు కావలెను. వరుసలు మాత్రము ఒక బడిలోని తెలుగు పిల్లలను, వారి యవ్వలను, తాతలను అడిగిన చాలునన్ని దొరకును. అవ్వలను ముందు అడుగుట మంచిది.